నాడాలు కట్టిన పేజీ

ఇలా రా, ఇంకాస్త దగ్గరికి జరుగు. గొంతు పెంచి చెప్పే ఓపిక ఈ ముసలిదానికి ఉండదు, దూరం నుంచి చెవులు రిక్కించే ఓపిక నీకూ ఉండదు. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. దాని సంగతే చెప్పబోతున్నాను, విని దానికి గర్వం తలకెక్కితే మళ్లీ మనకే కష్టం.

కొలబద్దక్క అని ఒకావిడ ఉండేది. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో పేజీలు కూర్చే పని చేసింది. చేతిసంచీలో ఎప్పుడూ జానెడు ఇత్తడి స్కేలు ఉండేది. వరసకీ వరసకీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆవిడ కంటికి దూలంలా కనిపించేది. పరామర్శకు వెళ్లిన ఇంట్లో గోడమీద పటం వంకరగా ఉంటే, ముందు పటం సరిచేసి, తరవాత వాళ్ల పక్కన కూర్చుని ఏడ్చేదట. అంత పట్టింపు మనిషి.

ఆ అచ్చాఫీసు మూతపడింది. యంత్రాలను ఎవరో పట్టుకుపోయారు. కొలబద్దక్క వారం రోజులు ఇంట్లో గోడలకేసి చూస్తూ కూర్చుంది. మొగుడు సరుకు ఓడల మీద పనిచేస్తూ ఆరు నెలలకోసారి వచ్చేవాడు, ఇంట్లో ఉండేది తనూ అత్తగారూ. అత్తగారు కుట్టుమిషను మనిషి. ఆసుపత్రిలో రోగులు వేసుకునే గౌన్లు కుట్టేది. కోడలి మొహం చూసి, "ఏమే అమ్మాయ్, గోడకి ఏం కొలతలు తీస్తున్నావు? పో, వెళ్లి ఏదన్నా నేర్చుకో" అని కసిరింది. ఆ కసురుకి లేచి కొలబద్దక్క వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకోవడానికి చేరింది. మూడు నెలలు తనకంటే సగం వయసువాళ్ల మధ్య కూర్చుని, తడబడుతూనే నేర్చుకుంది.

ఊళ్లో ఏటి ఒడ్డున లాంచీల రేవు ఉంది. ఇవతలి ఒడ్డున ఆసుపత్రి, ఆఫీసులు. అవతలి ఒడ్డున ఇళ్లు. పొద్దున్నే జనం ఇటు వస్తారు, సాయంత్రం అటు పోతారు. ఏ లాంచీ ఎన్నింటికి బయల్దేరుతుందో చెప్పే పెద్ద కాగితం ఒకటి రేవు గోడమీద ఉండేది. పదేళ్లుగా ఆ కాగితం కూర్చింది కొలబద్దక్కే. నాలుగు నిలువు వరసలు: మామూలు రోజులు, శనివారం, ఆదివారం, సెలవు రోజులు. చుట్టూ సన్నటి పూల అంచు. చూస్తే కళ్లకు అద్దుకోవాలనిపించేది.

రేవు మేనేజరు ఒకరోజు కబురుపెట్టాడు. "వానొస్తే కాగితం తడుస్తోంది, గాలొస్తే చిరుగుతోంది. ఇకమీదట వేళలన్నీ వెబ్‌సైట్లోనే పెడదాం అనుకుంటున్నానమ్మా. మీరే చెయ్యండి. పదిహేను రోజులు చూస్తాను. కుదిరితే ఆ పని మీదే. కుదరకపోతే పాత కాగితమే మళ్లీ అతికిస్తాను, ఆ ముక్క ముందే చెబుతున్నా."

కొలబద్దక్కకి మాత్రం అది పదిహేను రోజుల పనిగా అనిపించలేదు. ఇది చేతకాకపోతే ఇక జన్మలో అక్షరాల జోలికి పోలేనని గుండెలో రాయి పడింది. అక్షరాలు తప్ప ఆవిడకు వేరే లోకం తెలియదు మరి.

ఏం చేసిందో చెప్పనా? తన పాత కాగితాన్ని, పూల అంచుతో సహా, అచ్చు గుద్దినట్టు కంప్యూటరులో కూర్చింది. అక్షరం పక్కకి జరగకూడదని మొత్తాన్ని ఒకే బొమ్మగా చేసి వెబ్‌సైట్లోకి ఎక్కించింది. మేనేజరు బల్లమీది కంప్యూటరు కిటికీ అంత ఉంటుంది. అందులో చూసి ఆయన "అబ్బ! గోడ మీదున్నట్టే ఉందమ్మా" అన్నాడు. గోడమీది కాగితం ఊడదీయించాడు. కొలబద్దక్క ఆ పూట కాళ్లు నేలమీద ఆనకుండా ఇంటికొచ్చింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో, పొద్దున్నే తలుపు దబదబా మోగింది. తీస్తే గుమ్మంలో ఒక నర్సు. జుట్టు రేగి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"లాంచీల పేజీ చేసిన మహానుభావులు ఇక్కడే ఉంటారటగా, ఎవరండీ?"

"నేనేనండీ. ఏమైంది?"

"ఏమైందా? రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నాను, అదే అయింది!" అంటూ ఫోను ముఖం మీద పెట్టినంత పని చేసింది. "చూడండి. నిన్న గురువారం. ఆఖరి లాంచీ ఆరూ నలభై అని మీ పేజీలో చూసుకునే వచ్చాను. రేవుకొచ్చేసరికి అది ఏటి మధ్యలో ఉంది!"

"ఆరూ నలభై ఆదివారం వరస అండీ. మామూలు రోజుల్లో ఆరూ పదికే. పైన రాసే ఉందిగా."

"పైన ఉంది సరే, ఆ పైన ఎక్కడుందో చూపించండి నాకు!"

కొలబద్దక్క ఫోను అందుకుంది. తన పేజీ అగ్గిపెట్టె అంత ముద్దగా కనిపించింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. వేళ్లతో సాగదీస్తే అంకెలు పెద్దవయ్యాయి, కానీ పైనున్న రోజుల పేర్లు తెరదాటి ఎటో పోయాయి. ఏ అంకె ఏ రోజుదో దేవుడికే తెలియాలి. కొలబద్దక్క కళ్లు తిరిగాయి గానీ నోరు మాత్రం ఊరుకోలేదు.

"మీరు పెద్ద తెరమీద చూస్తే..."

"పెద్ద తెర నెత్తిన పెట్టుకుని తిరగమంటారా? నా కళ్లు అసలే అంతంతమాత్రం. ఫోనులో అన్ని అక్షరాలూ పెద్దవి చేసుకుంటే, మీ పేజీ ఒక్కటే నా మాట వినలేదు."

లోపల మిషను ఆగింది. అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ముందు లోపలికి రామ్మా. కూర్చో. మంచినీళ్లు తాగి, తరవాత నిదానంగా తిట్టు. మా కోడలు ఎక్కడికీ పారిపోదు" అంది.

నర్సు మంచినీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టేసరికి కోపం కాస్తా నీళ్లుగా కారింది. "నిన్న స్కూల్లో మా అమ్మాయి నాటకం పెద్దమ్మగారూ. అది చెట్టు వేషం వేసింది. మాటలేమీ లేవు, ఊరికే చేతులు చాచి నిలబడాలి, అంతే. నెల రోజుల నుంచీ నిలబడటం నేర్చుకుంటోంది పిచ్చిది. చెట్టుగా నిలబడి కూడా నన్నే వెతుక్కుని ఉంటుంది."

కొలబద్దక్కకి తిట్లు తిన్నప్పటికంటే ఆ చెట్టు సంగతి విన్నప్పుడు ఎక్కువ తగిలింది.

నర్సు లేచి వెళ్లబోతూ, "తిట్టడానికే వచ్చాను, తిట్టేశాను. మళ్లీ చేసి చూపించండి. ఎక్కడ తప్పుందో నేనే చెబుతాను. పోయేది రోజూ నేనేగా" అని ఫోను నంబరు రాసి ఇచ్చింది. అసలు ఆ మాటే కొలబద్దక్కను నిలబెట్టింది. తిట్టి వెళ్లిపోయే వాళ్లు ఎంతమంది లేరు! తిట్టాక నంబరు రాసిచ్చి వెళ్లే వాళ్లను ఎక్కడని వెతుకుతాం?

సరే, తప్పు తెలిసింది. తెలిశాక ఆవిడ చేసిన పని వింటే నవ్వుతావు. చేతిసంచీలోంచి ఇత్తడి స్కేలు తీసుకుని నేరుగా రేవుకి వెళ్లింది. లాంచీ కోసం నిలబడ్డ వాళ్లందరి ఫోన్లకీ కొలతలు తీయడం మొదలుపెట్టింది! పొడవు ఇంత, వెడల్పు ఇంత అని నోటు పుస్తకంలో రాసుకుంటోంది. ఎన్ని రకాల ఫోన్లుంటే అన్ని పేజీలు, ఒక్కోదానికీ అతికినట్టు, కూర్చేద్దామని ఆలోచన.

జనానికి ఇంతకంటే కాలక్షేపం ఏం కావాలి?

"అక్కా, నా ఫోనుకి చొక్కా కుడతావా ఏంటి?"

"మోకాళ్ల దాకా కుట్టు, ఎదిగే వయసు దానిది!"

"నాది కింద పడి పగిలింది అక్కా, కట్టు కూడా కట్టెయ్యి!"

కొలబద్దక్క కొలుస్తూనే ఉంది. బెంచీ చివర తాళ్లు పేనే తాత కూర్చుని ఉన్నాడు. చూపు లేదు ఆయనకు. రోజూ తాళ్ల చుట్ట భుజాన వేసుకుని అటూ ఇటూ దాటుతుంటాడు. "తాతా, నీ ఫోను ఒకసారి ఇస్తావా?" అని అడిగింది.

"ఇస్తాను గానీ, దాని తెర కొలిచి ఏం చేస్తావమ్మా? అది ఎంతుందో నాకే తెలీదు. ఇది నాకు చదివి వినిపిస్తుంది, అంతే. ఉత్తరాలు చదువుతుంది, వార్తలు చదువుతుంది. మేనేజరు లాంచీల వేళలు ఫోనులో పెడతానంటే ఎంత సంబరపడ్డానో! పదేళ్లుగా ఆ గోడ దగ్గర ఎవరో ఒకర్ని అడగడమే. ఇక అడగక్కర్లేదు కదా అనుకున్నా. ఏదీ, ఇదిగో విను."

తాత ఫోను మీద వేలు పెట్టాడు. ఫోను గొంతు సవరించుకోకుండా, పొడిగా, "బొమ్మ" అంది. మళ్లీ మాట్లాడలేదు.

"ఇదేనమ్మా వరస. లాంచీ ఎప్పుడురా అంటే బొమ్మ అంటుంది. ఏం బొమ్మరా అంటే ఉలకదు పలకదు. నన్ను ఆటపట్టిస్తోందేమోనని నాలుగు రోజులు దానితో మాట్లాడ్డం మానేశా" అని తాత నవ్వాడు.

కొలబద్దక్కకి నవ్వు రాలేదు. చేతిలో స్కేలు అలాగే ఉండిపోయింది. ఇరవై ముగ్గురి ఫోన్లు కొలిచింది, పందొమ్మిది కొలతలు తేలాయి. కానీ గొంతుకి స్కేలు ఎక్కడ ఆనిస్తుంది?

వెనక్కి వస్తుంటే మేనేజరు కిటికీలోంచి పిలిచి, "నర్సమ్మ ఒక్కతే కాదమ్మా, ఇంకో ఆరుగురు వచ్చి గొడవపడ్డారు. ఎనిమిది రోజులే మిగిలాయి" అన్నాడు. చెడ్డవాడు కాదు పాపం, ఆయన మాట ఆయన చెప్పాడు.

ఇంటికొచ్చి, పందొమ్మిది కాగితాలు బల్లమీద పరిచి కూర్చుంది. అటుపక్క అత్తగారు కిటికీ వెలుతుర్లో గౌను కుడుతోంది.

"ఏంటే ఆ కాగితాలు?"

"ఫోన్ల కొలతలు అత్తయ్యా. పందొమ్మిది రకాలు. పందొమ్మిది పేజీలు చెయ్యాలి."

"ఎల్లుండి ఇరవయ్యో రకం ఫోను వస్తే?"

"ఇరవయ్యో పేజీ చేస్తా."

"మరి ఆ తాళ్ల తాతకి?"

అత్తగారు దారం పళ్లతో తెంపి, గౌను ఎత్తి పట్టుకుంది. "దీన్ని చూడు. పద్దెనిమిదేళ్ల నుంచి కుడుతున్నా. ఒక్క రోగినైనా కొలత అడిగానా నేను? మొదట్లో నేనూ నీలాగే ఎగిరిపడ్డాలే. ముందువైపు గుండీలు, నడుము దగ్గర కుచ్చు, మెడకి అంచు, చూసినవాళ్లు చూసినట్టే నోరెళ్లబెట్టాలని కుట్టా. అప్పటి పెద్ద నర్సు ఆ మొత్తం కట్ట తెచ్చి నా ఒళ్లో పడేసింది. 'బొమ్మకి తొడిగితే బావుంటాయమ్మా. చెయ్యి విరిగినవాడికి ఎలా తొడగను? నిండు చూలాలికి ఎలా తొడగను? ముడుచుకుపోయిన ముసలావిడకి ఎలా తొడగను?' అంది. ఆ రోజంతా ఏడ్చా. మర్నాడు గుండీలన్నీ పీకి నాడాలు కుట్టా."

నాడా రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగి చూపించింది. "గుండీ ఏమంటుందంటే, నేను చెప్పినచోటే నువ్వు సరిపోవాలి అంటుంది. నాడా ఏమంటుందంటే, నీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ కట్టుకో నాయనా అంటుంది. నువ్వు పేజీకి గుండీలు కుడుతున్నావే అమ్మాయ్."

కొలబద్దక్క ఆ నాడా చేతిలోకి తీసుకుంది. తరవాత, దాదాపు ఏడుపు గొంతుతో, "ఎవరికి ఎలా కావాలంటే అలా కనిపిస్తే, ఇక నేను కూర్చిందేముంది అత్తయ్యా? నా పనితనం ఎక్కడుంటుంది?" అంది.

"అలాగని నేను అడ్డదిడ్డంగా కుట్టానా? మెడ మెడలాగే ఉంటుంది. వంద ఉతుకులకీ కుట్టు ఊడదు. నాడా ఎక్కడ పెడితే నొప్పి తగలదో అది నాకే తెలుసు. వేసుకున్నవాడు గౌను సంగతే మరిచి నిద్రపోతే, అదేనే నా పనితనం."

ఆ మధ్యాహ్నమే కొలబద్దక్క పందొమ్మిది కాగితాలూ చింపేసింది. నర్సుకి ఫోను చేసి, "మీరు రేవుకి వచ్చేటప్పుడు పేజీ తెరిస్తే అన్నిటికంటే ముందు ఏం కావాలి?" అని అడిగింది.

"పరిగెత్తుకుంటూ చూస్తాను తల్లీ. తరవాతి లాంచీ ఎన్నింటికి? అదొక్కటే. పూలు తీరిగ్గా ఆదివారం చూస్తాలే."

పూల అంచు తీసేసింది. పదేళ్ల అంచు! తీస్తుంటే పీకలోంచి ముల్లు లాగినట్టయిందట. అక్షరాలను బొమ్మగా కాకుండా అక్షరాలుగానే రాసింది, ఏ ఫోనైనా చదువుకునేలా, చదివి వినిపించేలా. వెడల్పు ఇంత అని గిరి గీయలేదు, తెర ఎంతుంటే అంత అంది. సైజు ఇంత అని శాసించలేదు, చదివేవాళ్లు ఎంత పెట్టుకుంటే అంత అంది. అన్నిటికంటే పైన ఒక్కటే మాట, తరవాతి లాంచీ ఎప్పుడని. దాని కింద మిగతా వేళలు. పెద్ద తెరైతే నాలుగు వరసలూ పక్కపక్కన నిలబడతాయి, చిన్న తెరైతే ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి. ప్రతి అంకె పక్కనా అది ఏ రోజుదో ఉంటుంది, ఎంత సాగదీసినా విడిపోదు. వరసల మధ్య ఖాళీ మాత్రం, ఎవరి ఫోనులోనైనా సరే, కళ్లకు ఊపిరాడేంత ఉండేలా మూడు రోజులు కుస్తీ పట్టింది. అది ఆవిడ కుట్టు, అది ఊడకూడదు. మధ్యమధ్యలో నర్సు ఆసుపత్రి నుంచి వస్తూ, "ఈ అక్షరాల రంగు ఎండలో కనపడ్డం లేదు", "ఇక్కడ నా బొటనవేలు పట్టదు, ఇంకాస్త పెద్దది చెయ్యి" అంటూ ఉండేది. 'అండీ'లు ఎప్పుడో పోయాయి, అప్పటికి అక్కాచెల్లెళ్లయ్యారు.

పదిహేనో రోజు సాయంత్రం కొలబద్దక్క రేవు దగ్గర నిలబడింది. స్కేలు సంచీలోనే ఉంది. జనం ఫోన్లు తీస్తున్నారు. పక్కనుంచి తొంగి చూస్తే, ఒక్కో ఫోనులో తన పేజీ ఒక్కోలా ఉంది. ఒకరిదాంట్లో అక్షరాలు గుమ్మడికాయలంత. ఒకడిదాంట్లో నలుపు మీద తెలుపు, వాడికి అలాగే ఇష్టమట. పగిలిన తెరలో పగుళ్ల మధ్య నుంచే వేళ కనిపిస్తోంది. ముందు ఆవిడకి, ఇవన్నీ నేను చేసినవేనా అనిపించింది. కాసేపు చూశాక ఒక సంగతి గమనించింది. ఎవరూ వేళ్లతో సాగదీయడం లేదు. ఎవరూ పక్కవాణ్ణి అడగడం లేదు. ఇలా చూస్తున్నారు, అలా జేబులో పెట్టుకుంటున్నారు.

తాళ్ల తాత బెంచీ మీదకొచ్చి కూర్చున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"తరవాతి లాంచీ ఐదూ నలభైకి" అంది ఫోను.

తాత ఇంకోసారి వేలు పెట్టాడు. ఇంకోసారి అదే చెప్పింది. మూడోసారి కూడా పెట్టాడు, తెలియక కాదు, వినడం బావుండి. "ఎవరమ్మా అక్కడ? కొలతలమ్మేనా? నీ నడక తెలుసులే. చూడు, పదేళ్లలో మొదటిసారి ఎవర్నీ అడక్కుండా నా లాంచీ నేనే తెలుసుకున్నా. నీ చేతులు చల్లగుండ!"

ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నో పేజీలు కూర్చింది ఆవిడ. చూడముచ్చటగా ఉందన్నవాళ్లు వందమంది. చూడకుండానే మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. తాత చెయ్యి పట్టుకుని, ఆ తాళ్ల గరుకు అరచేతిని కళ్లకద్దుకుంది.

మేనేజరు బయటికొచ్చి తల గోక్కుంటూ, "నిన్నటి నుంచి ఒక్కడూ కిటికీ దగ్గరికి రావట్లేదమ్మా, నాకు ఊసుపోవడం లేదు. పని మీదే. ఆ పూల అంచు మాత్రం..." అని నసిగాడు.

"పూలు కావాలంటే కుండీలో పెంచుకోండి సార్" అంది కొలబద్దక్క. తాత పకపకా నవ్వాడు.

మర్నాడు ఆదివారం. నర్సు కూతుర్ని వెంటబెట్టుకుని కొలబద్దక్క ఇంటికి వచ్చింది. పిల్ల గదిలోకి వచ్చీ రాగానే, "పెద్దమ్మా, నేను చెట్టుని" అని ప్రకటించి, మిషనుకీ బల్లకీ మధ్య చేతులు చాచి నిలబడింది. గాలొచ్చినప్పుడు మాత్రం వేళ్లు కొంచెం ఆడించింది. నర్సు ఆ పక్కనే నేలమీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది. అత్తగారు మెల్లిగా లేచి, ఆ పిల్ల చాచిన చేతిమీద ఒక నాడా ముక్క వేలాడదీసి, "చెట్టన్నాక ఒక తీగైనా ఉండాలి" అంది. చెట్టు కిసుక్కున నవ్వింది.

అచ్చాఫీసులో ఒక అలవాటు ఉండేది. కాగితం అడుగున, చిన్న అక్షరాల్లో, ఎవరు అచ్చువేశారో పేరు పెట్టేవాళ్లు. ఆ సాయంత్రం కొలబద్దక్క తన పేజీ అడుగున ఒక వరస చేర్చింది. తన పేరు పెట్టలేదు. "ఈ పేజీ మీకు కుదరకపోతే వచ్చి తిట్టండి, మంచినీళ్లిస్తాం. ఇది ఇంతవరకు వచ్చింది అలా తిట్టినవాళ్ల చలవతోనే" అని రాసింది. పెద్ద తెరమీద అది ఒక్క వరసలో ఉంటుంది. నర్సు ఫోనులో ఏడు వరసలు. తాత ఫోనులో అసలు వరసలే లేవు, ఒక గొంతు, అంతే.

ఇదీ సంగతి. ఇక లే, ఆ ఫోను తీసుకో. దీన్ని మాత్రం మరిచిపోకు, ఎవరికన్నా చెప్పు. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు. తొందరలో ఉన్నవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పు, తీరిగ్గా ఉన్నవాళ్లకు సాగదీసి చెప్పు, పిల్లలకైతే చెట్టుతో మొదలుపెట్టు. ఎలా చెప్పినా, ఆ నర్సు తిట్టి వెళ్లిపోకుండా నంబరు రాసిచ్చిన సంగతి మాత్రం వదిలెయ్యకు. ఆ ఒక్క కుట్టు ఊడనివ్వకు, తల్లీ.